ఇరవై ఒకటి నాటి గడి

ఆబిడ్స్‌లో ఆదివారం, పాత పుస్తకాల వరస చివర
స్టీలు గిన్నెలో చిల్లర పోసుకు కూర్చున్నాడొకడు.
ఏది తీసినా ఇరవై.
నా వేళ్లకు తగిలిన దాని మీద పందికొక్కు.
పందికొక్కును నాణెం మీద వేసుకున్న దేశమేదా అని
నల్లకుంట తెచ్చి భూతద్దం కింద పెడితే
అది బీవరట.
పళ్లతో చెట్లు కొరికి ఏటికి ఆనకట్ట కడుతుందట.
ముప్పై ఏళ్లు నీటిపారుదల శాఖలో పద్దులు చూసినవాణ్ణి,
ఇక వదలబుద్ధి కాలేదు.

ఏ ఏడు ఎన్ని కొట్టారు?
ఇప్పుడు నా ఉద్యోగం ఇదే, జీతం లేదు.
ఒక కేటలాగు ఒక అంకె చెబుతుంది,
పక్కది అందులో మూడు వేలు కోస్తుంది.
ఆ మూడు వేలు ఏ సంచీలోంచి జారాయో
రాత్రి పదకొండింటికి నేను పట్టుకోవాలి.
మా ఆఫీసులో సిమెంటు బస్తాలు ఇలాగే తగ్గేవి.
అప్పుడు, సర్లెండి సంతకం పెట్టండి అనేవారు.
ఇప్పుడు అనేవాళ్లు లేరు.
పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి పడుకుంటాను.

అట్టల పని ఛత్తా బజార్లో,
పెళ్లికార్డుల బంగారు పొడి తుమ్ములు తెప్పించే గల్లీలో.
హషమ్ భాయి చేయి, ఆయన తండ్రి నాటి కటింగ్ మిషను.
సెంటుకు పంతొమ్మిది మిల్లీమీటర్లు,
డైముకు అంతకన్నా పిసరు తక్కువ.
"చిన్నదానికే ఎక్కువ విలువా?"
వెండి రోజుల లెక్క భాయీ, అన్నాను.
డాలరుకు పదకొండు పక్కలని బొమ్మ గీసిచ్చాను.
డై చేయిస్తానని రెండు వారాలు తిప్పి
చివరికి గుండ్రంగానే కొట్టాడు:
"బిళ్లకేం తెలుస్తుంది సాబ్!"

గడుల కింద అంకెలు తెలుగులోనే ఉండాలన్నాను.
కంపోజింగ్ చేసే నర్మద
౨ కీ ౭ కీ మధ్య ఆగిపోయి
వాళ్ల నానమ్మకు ఫోన్ చేసింది.

ఇక పంతొమ్మిది వందల ఇరవై ఒకటి, ఐదు సెంట్లు.
కొట్టినవి ఇరవై ఐదు లక్షల పైచిలుకు.
వెండి వద్దు, నికెల్ చాలనుకున్నారు,
దాదాపు అన్నీ తిరిగి కొలిమిలో పోశారు.
మిగిలినవి నాలుగైదు వందలట, అదీ అంచనా.
నా పెన్షన్ బతుకంతా కూడబెట్టినా
దాని అంచు కూడా రాదు.
అందుకే చెప్పాను:
ఈ ఒక్క గడి కోయకు భాయీ, గీత గీసి వదిలెయ్.

హషమ్ భాయి కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.
"గిరాకీ రాదని షట్టర్ దించుకుంటామా?"
పిడి లాగాడు. టక్.

అవతల రోడ్డు మీద ఎవరో హారన్ ఆపడం లేదు.
కింద ఏ అంకె వేయాలని నర్మద అడిగింది.
కొట్టినవా, మిగిలినవా?
పుట్టినవాళ్ల లెక్క ఒకటి, ఉన్నవాళ్ల లెక్క ఒకటి,
జనాభా లెక్కల్లోనూ ఇంతేగా అంది,
ఆ పిల్ల ఎండాకాలమంతా ఇల్లిల్లూ తిరిగి రాసిన మనిషి.
రెండూ వెయ్ అన్నాను.
రెండోది కాస్త సన్నగా.

డబ్బులిచ్చి లేస్తుంటే చూశాను,
మిషను కింద బిస్కెట్ డబ్బా నిండా
గడుల్లోంచి రాలిన అట్ట బిళ్లలు.
హషమ్ భాయి మనవరాలు వాటితో దుకాణం ఆడుతుందట,
ఒక బిళ్లకు రెండు ఉస్మానియా బిస్కెట్లు.
ఇవెన్ని ఉంటాయి భాయీ, అన్నాను నోటి నుంచి జారి.
ఆయన నవ్వాడు: "ఎవరు లెక్క పెట్టారు సాబ్?"

ఇంటికొచ్చాను. బస్సులో ఇచ్చిన చిల్లరలో
ఏడాది అంకె కింద బుల్లి చుక్క ఉన్న రూపాయి,
మన ఊరి టంకశాలది.
ఇది ఎన్ని కొట్టారో నాకు తెలియదు.
ఇన్నేళ్లూ అడగనే లేదు.
పెన్సిలు వెతుక్కున్నాను.